హైదరాబాదు పేరు మోసిన విమానములు

రాయచూరు, బీదరు, కలబురగి, నాందేడు సీమలలో తరతరములుగా కాపురమున్న తెలుగువారమగు మనకు హైదరాబాదు అను పేరు పరాయిది కాదు. 1956లో ఆ రాజ్యము మూడు ముక్కలై, ఒకటి ఆంధ్రప్రదేశమునకును, ఒకటి మైసూరునకును, ఒకటి బొంబాయికిని చేరినది. అంతకుముందు, నిజాముల పాలనలో, మన తాతముత్తాతలు శిస్తు కట్టినది ఆ ఖజానాకే. ఆ ధనము ఏయే దారుల బోయెనని అడిగినచో, చెరువులకు కొంత, దేవిడీలకు కొంత అని ఇంటి పెద్దలు చెప్పుదురు. అందు కొంత ఆకాశమున కెగిరినదన్న సంగతి మనలో పెక్కుమంది యెరుగరు.

1917 నవంబరు 1వ తేదీన ఇంగ్లండులోని రెండ్‌కోంబు అను చోట బ్రిటిషు వైమానిక దళమునకు 110వ స్క్వాడ్రను ఏర్పడెను. మరుసటి యేట ఆ స్క్వాడ్రనుకు మొట్టమొదట సమకూర్చిన డి.హెచ్. 9ఎ బాంబరు విమానములు నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను కానుక. ప్రతి విమానము ప్రక్కను ఆ దానమును తెలుపు అక్షరములు వ్రాసిరి. నాటినుండి దానికి హైదరాబాదు స్క్వాడ్రను అను పేరు స్థిరపడెను. 1918 సెప్టెంబరులో అది ఫ్రాన్సులోని బెట్టోంకూరు చేరి, జర్మనుల రైలుమార్గములపైనను విమానాశ్రయములపైనను బాంబులు వేయ మొదలిడెను.

ఆనాటి వైమానికుని బ్రతుకు ఎట్టిదో నేడు ఊహించుట కష్టము. విమానమునకు ఇద్దరు మనుష్యులు. ముందు కూర్చున్నవాడు నడుపును. వెనుకనున్నవాడు తుపాకి పట్టి నలుదిక్కులు కనిపెట్టును. తలపై కప్పు లేదు. వేలకొలది అడుగుల ఎత్తున, గంటల తరబడి, ఆ చలిగాలి ముఖమునకు కొట్టుచుండును. పారాచూటు లేదు, అప్పటి బ్రిటిషు విమానములలోనివారికి వానిని ఈయలేదు. విమానము అంటుకొన్నచో దానితో కాలుటయో, దుముకి చచ్చుటయో వారికి మిగిలిన దారి. శత్రుభూమిపై గుంపు విడువక ఎగురుటయే వారికి రక్ష. యంత్రము తడబడి ఒక్కడు వెనుకబడెనా, వాడు చిక్కినట్లే. గుంపులో తన చోటు తప్పక నిలుపుకొనుట శిక్షణలో నేర్పినంత మాత్రమున అబ్బెడి విద్య కాదు. అది ప్రాణభయమున గట్టిపడవలసిన విద్య.

ఆ స్క్వాడ్రను వేసిన బాంబుల మొత్తము పదిన్నర టన్నులు. శత్రుభూమికి పోయి తిరిగి రాని విమానములు 17. ప్రమాదములలో కూలి నాశమైనవి 28. ఈ అంకెలను మేము ఒకటికి రెండు మారులు చూచుకొంటిమి. శత్రువు పొట్టన బెట్టుకొన్న వానికంటె ఎక్కువ విమానములను ప్రమాదములు మ్రింగినవి.

వానిలో కూర్చున్న యువకులు హైదరాబాదును కంట జూచినవారా? ఎందరో చూచియుండిరనుకొనుటకు వీలు లేదు. ఆ యుద్ధమున విమానము నడుప అవకాశము చిక్కిన భారతీయులు వ్రేళ్ళపై లెక్కింపదగినవారు. వారిలో వంగదేశీయుడు ఇంద్రలాల్ రాయ్ 1918 జూలై 22న, పందొమ్మిదేండ్ల ప్రాయమున, ఫ్రాన్సు ఆకాశమున మరణించెను. భారత వైమానిక దళము పుట్టినది 1932 అక్టోబరు 8న. అనగా మన ఊరి పేరు ఎగిరిన పదునాలుగేండ్లకు గాని మన పిల్లలకు ఎగురుటకొక దళము లేకపోయెను. ఇక దాత మాట. కానుక నిజాముదని వ్రాసిరి, సరియే. కాని ఆ ఖజానాను నింపినది తెలుగు, కన్నడ, మరాటీ రైతుల శిస్తు. జొన్న పండించిన ఆ రైతు పేరు ఏ విమానము మీదను ఎక్కలేదు. ఇందుకై ఆ ఆంగ్ల యువకులపై మాకు అలుక లేదు. మన పేరు క్రింద చచ్చినవారు మనకును కొంత చుట్టములే.

రెండవ ప్రపంచ యుద్ధమున 152వ, 253వ స్క్వాడ్రనులకును హైదరాబాదు పేరు కలిసెను. 152వ దాని చిహ్నము నిజాము తలపాగా. 110వ స్క్వాడ్రను 1942లో ఇండియాకే వచ్చి, పిమ్మట బర్మా రంగమున జపానువారితో పోరాడెను. కడకు అది 1971 ఫిబ్రవరిలో సింగపూరున రద్దయ్యెను.

అదే 1971లో హైదరాబాదు చెంతనున్న దుండిగల్‌లో వైమానిక దళ అకాడమీ శిక్షణ నారంభించెను. రాష్ట్రపతి జాకిర్ హుస్సేను దానికి శంకుస్థాపన చేసినది 1967లో. పేరు మాత్రమే ఎగిరిన ఊరు ఇప్పుడు ఎగురువారిని తయారు చేయు ఊరాయెను. మన బీదరు సంగతియు అంతే. సూర్యకిరణ్ విన్యాస బృందము 1996లో అక్కడనే ఏర్పడెను. 2008 నుండి హాక్ జెట్ విమానములపై యువ పైలట్లకు అక్కడ శిక్షణ ఇచ్చుచున్నారు. విమానపు మ్రోత వినబడగానే బీదరు పిల్లలు మిద్దెలెక్కి చూతురు. పెద్దలు చెవులు మూసికొని విసుగుకొందురు.

ఆ తొలి విమానములలో ఒకటి ఇంకను నిలిచియున్నది. 1918 అక్టోబరు 5న అది జర్మనుల చేతికి చిక్కెను. నడుపుచున్న కెప్టెను ఇంగ్లిస్, అతని సహచరుడు బాడ్లీ ఇరువురును ఖైదీలైరి. జర్మనులు విమానమును బెర్లిను ప్రదర్శనశాలలో నుంచిరి. రెండవ యుద్ధమున బాంబుల భయముచే దానిని పోలండుకు తరలించిరి. అది క్రాకోవులో చాలకాలము పడియుండెను. 1977లో బ్రిటిషువారు ఒక స్పిట్‌ఫైర్ నిచ్చి దానిని మరల తెచ్చుకొనిరి. ఇప్పుడది లండనులో, హెండన్ వైమానిక మ్యూజియమున గలదు. మన బిడ్డలు పెక్కుమంది నేడు లండనులో ఉద్యోగములు చేయుచున్నారు. ఆదివారమున పోయి చూచినచో, ఆ విమానపు ప్రక్కను హైదరాబాదు 12ఎ అను అక్షరములు వారికి కనబడును.