బెళ్లందూరు నురగ కోలారుకు చేరిన ఏడాది

2018 జనవరి 19, శుక్రవారం. బెంగళూరులో ఇబ్లూరు వైపు పొగ లేచింది. తగలబడుతున్నది గోదాము కాదు, గుడిసె కాదు, చెరువు. పక్కనే ఉన్న సైనిక శిబిరం నుంచి దాదాపు 5,000 మంది జవాన్లు వచ్చి 7 గంటల పాటు మంటలతో పెనుగులాడారు.

చెరువుకు నిప్పేమిటని ఆశ్చర్యపోనక్కర్లేదు. 900 ఎకరాల బెళ్లందూరు చెరువులో నీళ్లు కంటికి కనిపిస్తేగా! మురుగు తాగి ఏపుగా పెరిగిన గడ్డి నిలువునా ఎండిపోయి ఉంది. అంతకుముందు 2015లో అయితే నురగే అంటుకుంది.

మెజెస్టిక్ దగ్గర కురిసిన చినుకు రాజకాలువ అనే పెద్ద వాననీటి కాలువలో పడి, దారి పొడవునా ఇళ్ల మురుగును కలుపుకుని ఈ చెరువులోకే దిగుతుంది. ఇక్కడి నుంచి వర్తూరుకు, ఆపైన దక్షిణ పినాకినికి, రాష్ట్రం హద్దు దాటి హోసూరు దగ్గరి కెలవరపల్లి జలాశయానికి. అప్పట్లో కాలువ నగర పాలికెది, మురుగు జలమండలిది, చెరువు అభివృద్ధి ప్రాధికారానిది, కాలుష్యం ఇంకో మండలిది. పొగ మాత్రం అందరిదీ.

ఆ మంటల తర్వాత ఆరు నెలలు తిరక్కుండానే ఈ చెరువున్న లోయ నీళ్లు తూర్పుకు ప్రయాణం కట్టాయి. కోరమంగల-చల్లఘట్ట లోయలోని మురుగును శుద్ధి చేసి, రోజుకు 44 కోట్ల లీటర్ల చొప్పున కోలారు జిల్లా చెరువులకు ఎత్తిపోయాలన్నది పథకం. తాగడానికి కాదు, భూమిలో ఇంకి బోర్లకు ఊపిరి పోయడానికి. మొదటి మజిలీ లక్ష్మీసాగరం చెరువు.

ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం మాట్లాడే పల్లెలు కోలారు నిండా ఉన్నాయి. వెయ్యడుగులు దాటి బోరు దించినా దుమ్మే లేచిన సీమ అది. జూన్‌లో గొట్టం మూతి నుంచి నీళ్లు దూకిన పొద్దు చెరువుకట్ట మీద ఎట్లుండిందో ఊహించుకోవచ్చు. పిలకాయలు పరుగులు తీసుంటారు. ఏ అవ్వో చెంగు నడుముకు దోపి, దోసెడు నీళ్లు ఎత్తి వాసన చూసుంటుంది. "గంగమ్మ వచ్చిందిలేప్పా, యా దావన వస్తే మనకేమి" అనుంటాడొక పెద్దాయన.

జూలైలో ఆ గొట్టం మూతి దగ్గరే తెల్లగా పొంగింది. బెళ్లందూరులో గాలికి లేచి కార్ల అద్దాల మీద వాలిన ఆ నురగే.

మురుగును శుద్ధి చేయడంలో మొదటి దశలో చెత్త, మడ్డి వేరవుతాయి. రెండో దశలో సూక్ష్మజీవులు కుళ్లును తినేస్తాయి. బట్టల సబ్బుల నుంచి వచ్చే భాస్వరం లాంటివాటిని బాగా తగ్గించాలంటే మూడో దశ కావాలి. కోలారుకు పంపింది రెండో దశ నీళ్లు. ఆ దశ సరిగా సాగకపోతే సబ్బు మిగిలిపోతుంది. అలాంటి నీళ్లు ఎత్తు నుంచి దూకితే గాలి కలిసి, మజ్జిగ చిలికినట్టు నురగ కడుతుంది.

మూడో దశ శుద్ధి కావాలని శాశ్వత నీరావరి హోరాట సమితి నాయకుడు ఆర్. ఆంజనేయరెడ్డి హైకోర్టుకెక్కారు. జూలైలోనే కోర్టు ఆపమంది, కొన్నాళ్లకు వదలమంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు మళ్లీ ఆపింది, తర్వాత నీళ్లు మళ్లీ కదిలాయి. ఈలోగా, 2018 డిసెంబరులో, బెళ్లందూరు విషయంలో హరిత ట్రిబ్యునల్ రాష్ట్ర ప్రభుత్వానికి 50 కోట్లు, పాలికెకు 25 కోట్లు జరిమానా వేసింది. ఎన్ని కోట్లయితేనేం, కట్టేది జనం సొమ్మేగా.

నిజం చెప్పాలంటే కోలారు రైతుది చిక్కు ప్రశ్న. వద్దంటే బోరు ఎండుతుంది, సరేనంటే నగరం వదిలిన నీళ్లు తన భూమిలో ఇంకుతాయి. పథకం గెలిచిందనేవాళ్లకు నిండిన చెరువులు సాక్ష్యం, ఓడిందనేవాళ్లకు ఆ జూలై నురగ. నన్నడిగితే రెండూ నిజమే.

తర్వాతి ఏళ్లలో నీళ్లు ఒక్కో చెరువూ నింపుతూ పోయాయి. లక్ష్మీసాగరం మరవ పారి, కింది చెరువుకు దారి పట్టింది.