నలిగిన రాగి గొట్టం నుంచి నక్షత్రాల జెట్ దాకా

డ్యూటీల వల్ల ఈ వారం ఎపిసోడ్ వినలేకపోయిన వాళ్ళ కోసం ఆ కథ ఇక్కడ రాస్తున్నాం. వెల్డింగ్ పని తెలిసిన వాళ్ళకి ఇంకా బాగా అర్థమవుతుంది.

1918లో అమెరికాలోని లిక్ అబ్జర్వేటరీలో పనిచేసే హీబర్ కర్టిస్, ఎం87 ఫోటోల్లో ఒక వింత గమనించాడు. మధ్యలోంచి స్కేలు పెట్టి గీసినట్టు ఒక సన్నటి వెలుగు గీత. ఎం87 సుమారు 5.5 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న గెలాక్సీ అనీ, ఆ గీత దాని నడిమి బ్లాక్ హోల్ దగ్గర్నుంచి వచ్చే ప్లాస్మా జెట్ అనీ తర్వాత తేలింది. జెట్ అంటే ఇక్కడ విమానం కాదు, హోస్ పైపులోంచి నీళ్ళు చిమ్మినట్టు చిమ్మే ధార. కొత్తగా పుడుతున్న నక్షత్రాలూ ఇలాంటి ధారల్నే చిమ్ముతాయి.

పైపు నీళ్ళు కాస్త దూరం పోగానే చెదిరిపోతాయి కదా. మరి ఇవి అంతంత దూరం చెదరకుండా ఎట్లా పోతున్నాయి?

ఒక ఆనవాలు భూమ్మీదే దొరికింది. ఆస్ట్రేలియాలోని హార్ట్‌లీ వేల్‌లో ఒక కిరోసిన్ ఫ్యాక్టరీకి పిడుగుల నుంచి రక్షణగా పెట్టిన రాగి గొట్టం, పిడుగు పడి నలిగిపోయింది. 1905లో సిడ్నీ యూనివర్సిటీకి చెందిన పొలాక్, బారక్లో కారణం చెప్పారు. కరెంటు పారితే చుట్టూ అయస్కాంత క్షేత్రం పుడుతుంది, అది గొట్టాన్ని లోపలికి నొక్కుతుంది. దీన్నే పించ్ అంటారు. ప్లాస్మాలోనూ కరెంటు పారుతుంది. అంటే జెట్‌నీ ఇదే పట్టి ఉంచుతోందా?

దూరపు నక్షత్రం దగ్గరికెళ్ళి చూడలేం. అందుకే లండన్ ఇంపీరియల్ కాలేజీలో సెర్గీ లెబెదెవ్ బృందం జెట్‌ని ల్యాబ్‌లోనే పుట్టించింది. అక్కడి మ్యాగ్‌పై యంత్రం సెకనులో సుమారు 40 లక్షల వంతు సమయంలో 10 లక్షల ఆంపియర్ల కరెంటు అందిస్తుంది. మన టిగ్ వెల్డింగ్ వంద, రెండు వందల ఆంపియర్లతో నడుస్తుంది! వెంట్రుక కన్నా సన్నటి తీగల్ని గరాటు ఆకారంలో పేర్చి ఆ కరెంటు వదిలారు. తీగలు ప్లాస్మాగా మారి, ఆ ప్లాస్మా నడుమ కలిసి, పైకి జెట్‌గా చిమ్మింది. పొడవు కొన్ని సెంటీమీటర్లే.

2002లో వచ్చిన ఆ ఫలితాల్లో ఒక విశేషం ఉంది. అల్యూమినియం, ఇనుము, టంగ్‌స్టన్ మూడూ వాడి చూస్తే, టంగ్‌స్టన్ జెట్టే అన్నిటికన్నా సన్నగా నిలిచింది. అది తన వేడిని వెలుగు రూపంలో త్వరగా వదిలేస్తుంది. చల్లబడితే పక్కలకు నెట్టే ఒత్తిడి తగ్గుతుంది. అంటే ఇక్కడ ధారను సన్నగా ఉంచింది అయస్కాంతం కాదు, చల్లదనం.

తర్వాత తీగల్ని సైకిల్ చక్రం పుల్లల్లా అమర్చారు. 2005లో వచ్చిన ఆ ఫలితాల్లో పించ్ కనిపించింది. అయస్కాంత బుడగ నడుమ జెట్ బిగిసి లేచింది. కాసేపటికి మెలికలు తిరిగి ముడులుగా తెగింది, అయినా ముందుకే సాగింది. నక్షత్రాల జెట్‌లలోనూ ఇలాంటి ముడులు కనిపిస్తాయి.

సెంటీమీటర్ల ధార ఆకాశం గురించి ఎట్లా చెప్తుంది? కొలతలు కలవక్కర్లేదు, నిష్పత్తులు కలిస్తే చాలు. ముఖ్యమైనది, ధార వేగం దానిలోని ధ్వని వేగానికి ఎన్ని రెట్లు అన్నది. రెండు చోట్లా అది పది రెట్లకు పైనే. కానీ ఈ లెక్క పసి నక్షత్రాల జెట్‌లకే సరిపోతుంది. ఎం87 జెట్‌ది దాదాపు కాంతి వేగం, ఈ తీగలతో దాన్ని అందుకోలేం. కర్టిస్ చూసిన గీత ఇంకా ల్యాబ్‌కి చిక్కలేదు.