భిలాయిని కట్టిన ఇంజనీరు: ఒక దేశం మీద నిరసన, ఒక జాతి మీద ద్వేషం

విద్యార్థులారా! ఇజ్రాయెల్, పాలస్తీనా పోరు గురించి మీరు వార్తల్లో తరచు వింటూనే ఉంటారు. దాని మీద మన దేశంలోనూ, బయటి దేశాల్లోనూ ఊరేగింపులు జరుగుతాయి, నినాదాలు వినిపిస్తాయి. ఒక్కోసారి రాళ్లు, తుపాకులు కూడా బయటికి వస్తాయి. ఒక ప్రభుత్వం చేసే పనిని ఖండించడం ఎక్కడ ఆగుతుంది? యూదుడై పుట్టాడన్న కారణానికి మనిషిని ద్వేషించడం ఎక్కడ మొదలవుతుంది? ఈ పాఠంలో మనం చూడబోయేది అదే. ఇందుకోసం జెరూసలేం దాకా పోనక్కరలేదు, భిలాయి నుంచే మొదలుపెడదాం.

భిలాయి ఇప్పుడు ఛత్తీస్‌గఢ్‌లో ఉంది. 2000 నవంబరు 1న ఆ రాష్ట్రం ఏర్పడేదాకా అది మధ్యప్రదేశ్‌లోని ఊరు. 1955 ఫిబ్రవరి 2న మన ప్రభుత్వం సోవియట్ యూనియన్‌తో ఒక ఒప్పందం కుదుర్చుకుంది. దుర్గ్ పట్టణం పక్కన ఏటా 10 లక్షల టన్నుల ఉక్కు తీసే కర్మాగారం కట్టాలన్నది ఆ ఒప్పందం. దల్లీ రాజహరా కొండల నుంచి ఇనుప ఖనిజం వచ్చింది, రష్యా నుంచి యంత్రాలూ ఇంజనీర్లూ వచ్చారు. రాయపూర్–విజయనగరం రైలు మార్గం మీదుగా మన ఉత్తరాంధ్ర నుంచి పనివాళ్లూ వెళ్లారు. అలా వెళ్లి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈనాటికీ భిలాయి సెక్టార్లలో ఉన్నాయి. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు.

1957 నుంచి 1959 దాకా ఆ నిర్మాణానికి ప్రధాన ఇంజనీరుగా ఉన్న వ్యక్తి పేరు వెనియమిన్ దిమ్‌షిత్స్. ఆయన 1910లో క్రిమియాలోని ఫియొదోసియాలో పుట్టాడు. మాగ్నితొగోర్స్క్ ఉక్కు నగరం నిర్మాణంలో పనిచేశాడు. యుద్ధంలో ధ్వంసమైన జాపొరోజ్యె కర్మాగారాన్ని తిరిగి నిలబెట్టాడు. భిలాయి పని ముగించుకుని మాస్కో వెళ్లాక పైకి పైకి ఎదిగాడు. 1962లో సోవియట్ ఉప ప్రధానుల్లో ఒకడయ్యాడు. 1985 దాకా, అంటే ఇరవై మూడేళ్లు ఆ పదవిలో ఉన్నాడు. ఆయన యూదుడు. ఆ కాలంలో సోవియట్ ప్రభుత్వంలో అంత ఎత్తున కూర్చున్న యూదుడు మరొకరు లేరు.

ఇది చదివి, అయితే అక్కడ యూదులకు ఏ కష్టమూ లేదన్నమాటేగా అని మీరు అనుకోవచ్చు. సోవియట్ ప్రభుత్వం కూడా ప్రపంచానికి సరిగ్గా అదే చెప్పింది. ఆయనను చూపించే చెప్పింది.

కాస్త వెనక్కి వెళదాం. 1941 సెప్టెంబరు 29, 30 తేదీల్లో కీయెవ్ నగరం పక్కన బాబీ యార్ లోయలో నాజీలు రెండు రోజుల్లో 33,771 మంది యూదులను కాల్చి చంపారు. ఇది హంతకులే రాసిపెట్టుకున్న లెక్క. అలాంటి నాజీలను ఓడించిన సోవియట్ దేశమే 1947లో పాలస్తీనా విభజనను సమర్థించింది. 1948 మే 14న ఇజ్రాయెల్ ఏర్పడితే మూడు రోజుల్లో గుర్తించింది. కాని అయిదేళ్లు తిరక్కుండానే, 1953 జనవరి 13న, క్రెమ్లిన్ నాయకులను చంపడానికి వైద్యులు కుట్ర పన్నారని ప్రావ్దా పత్రిక ప్రకటించింది. ఆ వైద్యుల్లో ఎక్కువమంది యూదులు. మార్చిలో స్టాలిన్ చనిపోయాడు. ఏప్రిల్‌లో కొత్త ప్రభుత్వమే ఆ కేసు కల్పితమని ఒప్పుకుంది. అయినా ప్రతి పౌరుడి పాస్‌పోర్టులో ‘జాతి’ అని ఒక గడి మిగిలింది. అందులో ‘యూదు’ అని ఉంటే కొన్ని కళాశాలల తలుపులు, కొన్ని ఉద్యోగాల తలుపులు తెరుచుకునేవి కావు. జనం దాన్ని అయిదో గడి అని పిలిచేవారు.

ఇప్పుడు 1967కు వద్దాం. జూన్ 5 నుంచి 10 దాకా ఆరు రోజుల యుద్ధం జరిగింది. ఇజ్రాయెల్ వెస్ట్ బ్యాంక్‌నూ, గాజానూ, తూర్పు జెరూసలేంనూ, సినాయ్‌నూ, గోలాన్ కొండలనూ ఆక్రమించింది. లక్షలాది పాలస్తీనీయులు పరాయి సైన్యం ఏలుబడిలోకి వచ్చారు, చాలామంది మళ్లీ శరణార్థులయ్యారు. ఆక్రమించిన భూభాగం నుంచి వైదొలగాలని నవంబరు 22న భద్రతా మండలి 242వ తీర్మానం చేసింది. యుద్ధం ముగిసిన రోజే సోవియట్ యూనియన్ ఇజ్రాయెల్‌తో సంబంధాలు తెంచుకుంది. ఇందులో తప్పు పట్టవలసింది లేదు. సంబంధాలు తెంచుకునే హక్కు ఏ దేశానికైనా ఉంది.

మనం జాగ్రత్తగా చూడవలసింది ఆ తర్వాత వచ్చిన పుస్తకాలనూ, కార్టూన్లనూ. 1963లోనే కీయెవ్‌లో ఉక్రెయిన్ విజ్ఞాన అకాడమీ త్రొఫీమ్ కిచ్కో అనే రచయిత పుస్తకం ఒకటి వేసింది. అందులో వంకర ముక్కు, డబ్బు సంచి ఉన్న యూదుల బొమ్మలున్నాయి. పశ్చిమ దేశాల కమ్యూనిస్టు పార్టీలే గగ్గోలు పెట్టడంతో మాస్కో వెనక్కి తగ్గి ఆ పుస్తకాన్ని విమర్శించింది. 1967 తర్వాత అదే రచయిత మళ్లీ వెలుగులోకి వచ్చాడు. బొమ్మలు మారలేదు. వాటి కింద రాసే మాట ఒక్కటే మారింది. ‘యూదుడు’ అన్నచోట ‘జియోనిస్టు’ అని రాశారు.

జియోనిజం అంటే యూదులకు తమదైన దేశం ఉండాలనే రాజకీయ భావన. 1897లో బాసెల్ నగరంలో థియొడోర్ హెర్జెల్ దాని మొదటి మహాసభ జరిపాడు. రాజకీయ భావన కాబట్టి దాన్ని ఎవరైనా విమర్శించవచ్చు. యూదుల్లోనే దాన్ని విమర్శించేవారు మొదటి నుంచీ ఉన్నారు. కాని బ్యాంకులు, పత్రికలు, ప్రభుత్వాలు అన్నిటినీ రహస్యంగా ఆడించే ముఠా అని దాన్ని వర్ణించడం మొదలుపెడితే అది వేరే సంగతి. ఆ కథ 1903లో జారు రష్యాలో అచ్చయిన ఒక దొంగ పత్రంలోది. అది మరో పుస్తకం నుంచి ఎత్తి రాసిన కల్పన అని 1921లోనే లండన్ టైమ్స్ పత్రిక బయటపెట్టింది. ఒక కార్టూన్ చూసినప్పుడు మీరు ఈ పరీక్ష పెట్టండి. అందులోని ఇజ్రాయెల్ మంత్రిని తీసేసి, ఏ ఊళ్లోని ఏ యూదు దుకాణదారుడిని పెట్టినా బొమ్మ సరిపోతోందా? సరిపోతే ఆ బొమ్మ మంత్రి గురించి వేసింది కాదు.

పోలండ్‌లో ఈ మాటల మార్పిడికి మనుషులే మూల్యం చెల్లించారు. 1967 జూన్‌లో ఆ దేశ నాయకుడు గొముల్కా యూదులను ఉద్దేశించి ‘అయిదో దళం’ అన్నాడు, అంటే ఇంట్లో ఉన్న శత్రువు అని. 1968 మార్చిలో విద్యార్థులు స్వేచ్ఛ కోసం ఆందోళన చేస్తే దాన్ని జియోనిస్టుల పని అన్నారు. ఉద్యోగాలు పోయాయి, పార్టీ సభ్యత్వాలు పోయాయి. హిట్లర్ మారణకాండ తర్వాత మిగిలిన కొద్దిమందిలోంచి 13 వేల మందికి పైగా మూడు నాలుగేళ్లలో పౌరసత్వం వదులుకుని దేశం విడిచారు. వాళ్లలో చాలామంది ఇజ్రాయెల్‌ను కన్నెత్తి చూసినవారు కారు.

ఇక మన ఇంజనీరు దగ్గరికి వద్దాం. 1970 మార్చి 4న మాస్కోలో విదేశీ విలేఖరుల ముందు ఒక సమావేశం జరిగింది. పేరున్న యూదులను వరుసగా కూర్చోబెట్టారు. సైన్యాధికారి దవీద్ ద్రగూన్‌స్కీ ఉన్నాడు, కళాకారులున్నారు. అందరిలోకీ పెద్ద పదవిలో ఉన్నవాడు దిమ్‌షిత్స్. తమకు ఏ వివక్షా లేదనీ, ఇజ్రాయెల్ దురాక్రమణను ఖండిస్తున్నామనీ వారు చెప్పారు. కొద్ది రోజుల్లోనే మాస్కోకు చెందిన 39 మంది యూదులు తమ పేర్లు పెట్టి బహిరంగ లేఖ రాశారు. ఆ వేదిక మీదివారు మా తరఫున మాట్లాడలేదు, మమ్మల్ని వెళ్లనివ్వండి అన్నారు. సంతకం పెడితే ఉద్యోగం పోతుందని తెలిసే పెట్టారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. దిమ్‌షిత్స్‌ను తప్పు పట్టడం సులువు. కాని ఆ రోజు ఆయనను ఏమడిగారో ఆలోచించండి. ఒక దేశం చేసిన పనికి, ఆ దేశంతో సంబంధం లేని ఒక ఇంజనీరును, కేవలం పుట్టుకను బట్టి పిలిచి, నీ వైఖరి చెప్పు అన్నారు. రష్యన్ ఇంజనీరును ఎవరూ అలా పిలవలేదు. ఈనాడు ఒక విశ్వవిద్యాలయంలో యూదు విద్యార్థిని దారిలో ఆపి, గాజా గురించి నువ్వేమంటావో చెప్పి ముందుకు కదులు అని అడిగితే, అది కూడా అలాంటిదే. మన దేశంలో ముస్లిం విద్యార్థిని పాకిస్తాన్ గురించి అలా అడిగినా అంతే.

ఈ చివరి మాట ఊరికే అనలేదు. 1969 ఆగస్టు 21న జెరూసలేంలోని అల్ అక్సా మసీదులో మంటలు లేచాయి. నిప్పు పెట్టినవాడు యూదుడు కాడు. డెనిస్ మైకేల్ రోహన్ అనే ఆస్ట్రేలియా క్రైస్తవుడు. కాని ప్రపంచమంతా కోపం యూదుల మీదికి మళ్లింది. మన దేశంలోనూ ముస్లింలు నిరసన ఊరేగింపులు జరిపారు. ఆగస్టు 31న అహ్మదాబాదులో అలాంటిదే ఒకటి జరిగింది. ఎక్కడో దూరాన ఉన్న మసీదు కోసం వీళ్లకు ఇంత బాధేమిటి, వీళ్ల మనసు ఈ దేశంలో లేదు అనే ప్రచారానికి అది ముడిసరుకయింది. సెప్టెంబరు 18న జగన్నాథ ఆలయం దగ్గర జరిగిన ఒక ఘర్షణ నగరం మొత్తాన్ని అంటించింది. అధికార లెక్క ప్రకారమే 660 మంది చనిపోయారు, వారిలో 430 మంది ముస్లింలు. విచారణ సంఘానికి అధ్యక్షత వహించినది తెలుగువాడే, సుప్రీంకోర్టు న్యాయమూర్తి పి. జగన్మోహన్ రెడ్డి. ఊరేగింపు ఒక్కటే అల్లర్లకు కారణమని అనుకోకండి. అంతకుముందు నెలల తరబడి రెండు వైపులా పేరుకున్న కోపతాపాలు చాలా ఉన్నాయి. జెరూసలేం నిప్పుకు అహ్మదాబాదులో కాలినవి మాత్రం జెరూసలేంను ఎన్నడూ చూడనివారి ఇళ్లు.

మన దేశంలో యూదులు రెండు వేల ఏళ్లుగా ఉన్నారని వారి సంప్రదాయం చెబుతుంది. కొచ్చిలో, కొంకణ తీరంలో, కలకత్తాలో వారు పొరుగువారి ద్వేషానికి గురికాలేదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే చిన్న యూదు సమాజం ఈనాటికీ ఉంది. మనం గర్వపడదగిన చరిత్రే ఇది. కాని దాని మీద ఒక మచ్చ పడింది. 2008 నవంబరు 26న ముంబయిపై దాడి చేసిన లష్కరే తోయిబా ముఠా తాజ్ హోటల్‌తో పాటు, కొలాబా సందుల్లో ఎవరికీ పెద్దగా తెలియని నారిమన్ హౌస్‌ను ఏరికోరి ఎంచుకుంది. అక్కడి రబ్బీనీ, గర్భవతి అయిన ఆయన భార్యనూ, మరో నలుగురినీ చంపారు. రెండేళ్ల పసివాణ్ణి చంకనేసుకుని బయటపడి కాపాడింది ఆ ఇంట్లో పనిచేసే భారతీయ ఆయా సాండ్రా సామ్యూల్.

2023 అక్టోబరు 7న హమాస్ దాడిలో సుమారు 1,200 మంది చనిపోయారు, 251 మంది బందీలయ్యారు. ఆ తర్వాత ఇజ్రాయెల్ జరిపిన యుద్ధంలో గాజాలో మృతుల సంఖ్య 2025 చివరికి 70 వేలు దాటిందని అక్కడి ఆరోగ్య శాఖ లెక్క. ఇంత ప్రాణనష్టం చూసి జనం వీధుల్లోకి రావడంలో ఆశ్చర్యం లేదు. ఆ ఊరేగింపుల్లో ఎక్కువ భాగం శాంతియుతంగానే జరిగాయి, చాలా చోట్ల యూదులే ముందు నడిచారు. కాని 2025 మే 21న వాషింగ్టన్‌లో యూదు మ్యూజియం బయట ఇజ్రాయెల్ దౌత్య కార్యాలయ ఉద్యోగులు ఇద్దరిని కాల్చి చంపారు. పట్టుబడినవాడు పాలస్తీనా నినాదం చేశాడని పోలీసులు చెప్పారు. అదే సంవత్సరం డిసెంబరు 14న సిడ్నీలోని బాండీ బీచ్‌లో హనుక్కా పండుగ చేసుకుంటున్న జనం మీద కాల్పులు జరిగాయి. 15 మంది చనిపోయారు. కాల్పులు జరిపిన ఇద్దరిలో తండ్రి 1998లో హైదరాబాదు నుంచి వలస వెళ్లినవాడని తెలంగాణ పోలీసులు ధ్రువీకరించారు. ఒక దుండగుడి మీద దూకి చేతిలోని తుపాకి లాక్కున్నది అహ్మద్ అల్ అహ్మద్, సిరియా నుంచి వచ్చిన ముస్లిం. ద్వేషం రెండో దిక్కుకూ తిరిగింది. 2023 అక్టోబరు 14న అమెరికాలోని ఇల్లినాయ్‌లో ఆరేళ్ల పాలస్తీనా బాలుణ్ణి ఇంటి యజమాని కత్తితో పొడిచి చంపాడు.

ఇంత గందరగోళంలోనూ రెండు విషయాలను విడదీసి మాట్లాడటం సాధ్యమేనా? 1938 నవంబరు 26న హరిజన్ పత్రికలో గాంధీజీ రాసిన వ్యాసం చదవండి. జర్మనీలో యూదుల మీద సాగుతున్న హింస చరిత్రలో సాటిలేనిదని అందులో ఖండించాడు. పాలస్తీనా అరబ్బులదేనని కూడా అందులోనే రాశాడు. జర్మన్ యూదులు అహింసతో ఎదిరించాలన్న ఆయన సలహాను తత్వవేత్త మార్టిన్ బూబర్ గట్టిగా తిప్పికొట్టాడు. అక్కడ బూబర్‌దే సబబని నాకు తోస్తుంది. అయినా ఒకరి పట్ల సానుభూతి మరొకరి పట్ల ద్వేషంగా మారకుండా ఒకే వ్యాసంలో ఇమడగలిగిందన్నది నిజం.

దేశాలకు ఇది అంత సులువు కాలేదు. 1975 నవంబరు 10న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 3379వ తీర్మానంలో జియోనిజం ఒక రకమైన జాతి వివక్ష అని 72 ఓట్లతో ప్రకటించింది. వ్యతిరేకంగా 35 ఓట్లు పడ్డాయి, 32 దేశాలు తటస్థంగా ఉన్నాయి. 1991 డిసెంబరు 16న అదే సభ 111 ఓట్లతో ఆ తీర్మానాన్ని రద్దు చేసింది. అప్పటికి మాస్కో ఇజ్రాయెల్‌తో సంబంధాలు తిరిగి కలుపుకుంది. 1990, 1991 రెండేళ్లలోనే 3 లక్షల మందికి పైగా సోవియట్ యూదులు ఇజ్రాయెల్ చేరుకున్నారు. 1992 జనవరి 29న మన దేశం ఇజ్రాయెల్‌తో పూర్తి దౌత్య సంబంధాలు నెలకొల్పుకుంది. మరుసటి ఏడాది దిమ్‌షిత్స్ మరణించాడు.

ఆ రెండు ఓటింగుల పట్టికలు ఐక్యరాజ్యసమితి రికార్డుల్లో దొరుకుతాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూడండి. 1975లో తీర్మానం చేయడానికీ, 1991లో దాన్ని రద్దు చేయడానికీ, రెండుసార్లూ భారత్ పేరు ‘అవును’ అన్నవారి వరుసలోనే ఉంటుంది. ఆ పదహారేళ్లలో మారినది జియోనిజమా, ప్రపంచమా, మన దేశపు అవసరాలా? తరగతిలో రెండు జట్లుగా చీలి వాదించండి. వాదనకు ముందు ప్రతి జట్టూ ‘యూదులు’, ‘ఇజ్రాయెల్’, ‘జియోనిజం’ అన్న మూడు మాటలకూ తన అర్థమేమిటో నల్లబల్ల మీద రాయాలి.