అక్షర వినిమయ గూఢలిపి: మూలదేవీయం నుండి రాట్-13 వరకు

ఒక అక్షరానికి బదులుగా మరొక అక్షరాన్ని నియమబద్ధంగా రాయడమే అక్షర వినిమయ గూఢలిపి. గూఢలిపి పద్ధతులలో ఇది అతి ప్రాచీనమైనది, అతి బలహీనమైనది కూడా. రహస్య రక్షణకు చాలదని వెయ్యేళ్ల క్రితమే తేలిన ఈ పద్ధతి 1980ల తొలినాళ్లలో కంప్యూటర్ సందేశాలలో మళ్లీ ఎందుకు ప్రత్యక్షమైందన్నది పరిశీలించదగిన విషయం.

వాత్స్యాయనుడు కామసూత్రంలో పేర్కొన్న 64 కళలలో 'మ్లేచ్ఛిత వికల్పం' ఒకటి. మాటలు సాధువైనవే అయినా, అక్షరాల తారుమారు వలన అర్థం మరుగుపడే రచన ఇది. 13వ శతాబ్దపు వ్యాఖ్యాత యశోధరుడు జయమంగళ వ్యాఖ్యలో దీని భేదాలను వివరిస్తూ 'మూలదేవీయం' అనే పద్ధతిని చెప్పాడు. ఇందులో ఖ-గ, ఘ-ఙ, చ-ట, త-ప, న-మ, ర-ష, ల-స వంటి జంటలున్నాయి. జంటలోని అక్షరాలు ఒకదాని స్థానంలో మరొకటి వస్తాయి. జంట లేనివి మారవు. ఆ ప్రకారం 'నగరం' అన్న మాట 'మఖషం' అవుతుంది. 'మఖషం'పై అదే పట్టికను ప్రయోగిస్తే తిరిగి 'నగరం' వస్తుంది. దాచడానికీ విప్పడానికీ ఒకే పట్టిక చాలడం దీని విశేషం. (తెలుగు పిల్లల క-భాష దీనికి భిన్నం. అందులో అక్షరాలు మారవు, నడుమ 'క' చేరుతుంది.)

రోమన్ పాలకుడు జూలియస్ సీజర్ అక్షరాలను మూడేసి స్థానాలు జరిపి లేఖలు రాసేవాడని చరిత్రకారుడు సుటోనియస్ నమోదు చేశాడు. అయితే భాషలో కొన్ని అక్షరాలు తరచుగా, కొన్ని అరుదుగా వస్తాయి. ముసుగు వేసినా ఆ తరచుదనం మారదు. 9వ శతాబ్దంలో బాగ్దాదు పండితుడు అల్-కిందీ ఈ సూత్రంతోనే గూఢలేఖలను విప్పే మార్గం చూపాడు. స్కాట్లండు రాణి మేరీ సంకేత లేఖలను 1586లో ఇంగ్లండు గూఢచార యంత్రాంగం విప్పింది. 1587లో ఆమెకు శిరచ్ఛేదం జరిగింది. 2006లో పట్టుబడిన సిసిలీ మాఫియా నాయకుడు ప్రొవెంజానో చీటీలలో సైతం అక్షరాలకు బదులు అంకెలు ఉన్నాయి. ఆ అంకెల లెక్క సీజర్ పద్ధతికి దగ్గరిదే.

యూజ్‌నెట్ చర్చా వేదికలలో వాడిన రాట్-13 మాత్రం ఈ కోవలోనిది కాదు. ఆంగ్ల అక్షరాలు 26. అందులో సగం 13. 'ఎ' స్థానంలో 'ఎన్', 'ఎన్' స్థానంలో 'ఎ' రాస్తారు. రెండుసార్లు జరిపితే మూలపాఠం తిరిగి వస్తుంది. సీజర్ మూడు స్థానాల పద్ధతికి ఈ సౌలభ్యం లేదు, మూలదేవీయానికి ఉంది. నొప్పించగల హాస్యోక్తులను, పొడుపుకథల జవాబులను, సినిమా కథల ముగింపులను ఈ విధంగా మరుగుపరిచేవారు. విప్పే ఆదేశం సందేశాలు చదివే ప్రోగ్రాములలోనే ఉండేది. కనుక ఇక్కడ దాపరికం శత్రువు నుండి కాదు, అనుకోకుండా పడే చూపు నుండి. చదవాలా వద్దా అన్న నిర్ణయం పాఠకుడిదే అవుతుంది. దీనిని బలహీనమైన గూఢలిపిగా కొట్టివేసేవారు ఈ ప్రయోజనాన్ని గమనించడం లేదు.

ప్రయోజనాన్ని మరచి వాడితేనే చిక్కు. ఎలక్ట్రానిక్ పుస్తకాల రక్షణకు ఒక సంస్థ రాట్-13నే వాడిన వైనాన్ని 2001లో రష్యన్ ప్రోగ్రామర్ స్క్లయరోవ్ లాస్ వేగాస్ సభలో బయటపెట్టాడు.

రాట్-13 ఆంగ్ల అక్షరాలను మాత్రమే కదిలిస్తుంది. తెలుగు లిపిలోని వాక్యాన్ని దానికి అప్పగిస్తే ఉన్నదున్నట్టుగా తిరిగి వస్తుంది. అంతర్జాలంలో తెలుగును ఆంగ్ల అక్షరాలలో రాసినంత కాలమే అది తెలుగు మాటను మరుగుపరచగలదు. హల్లుల జంటలపై నడిచే యశోధరుని పట్టికను తెలుగు వర్ణమాలకు అన్వయించడానికి పెద్దగా మార్పులు అవసరం లేదు.