రెసిస్టింగ్ ఎనిమీ ఇంటరాగేషన్

రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా సైనిక వైమానిక దళం తన విమాన సిబ్బంది కోసం తీయించిన శిక్షణ చిత్రం (1944). కల్వర్ సిటీలోని హాల్ రోచ్ స్టూడియో కేంద్రంగా పనిచేసిన ఫస్ట్ మోషన్ పిక్చర్ యూనిట్ దీన్ని నిర్మించింది.

జర్మన్లకు చిక్కిన ఒక బాంబర్ సిబ్బంది కథ ఇది. 1929 నాటి జెనీవా ఒప్పందం ప్రకారం బందీ తన పేరు, హోదా లేదా సైనిక సంఖ్య చెబితే చాలు. ఆ సంగతి వీళ్లకీ తెలుసు. అయినా నోరు జారతారు. జర్మన్ అధికారుల అసలు ఆయుధం దెబ్బలు కాదు, మర్యాద. దాచిన మైక్రోఫోన్లు, కపట స్నేహం, అన్నీ ముందే తెలుసన్న నటన వాళ్ల పనిముట్లు. రహస్యం చెప్పేశానని బందీల్లో ఎవరూ అనుకోరు. తలా ఒక ముక్క వదులుతారు, అంతే. ఆ ముక్కలు అతికితే రాబోయే దాడి గుట్టు బయటపడుతుంది. ఇది అతిశయోక్తేమీ కాదు: ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గరి ఓబెరుర్సెల్ విచారణ కేంద్రంలో జర్మన్ విచారణాధికారి హాన్స్ షార్ఫ్ చేయి చేసుకోకుండానే, కబుర్లతో సమాచారం రాబట్టేవాడు.

లాయిడ్ నోలన్, కార్ల్ ఎస్మాండ్, ఆర్థర్ కెనెడీ నటించారు. నటులతో తీసిన కల్పిత కథే అయినా, విచిత్రంగా, డాక్యుమెంటరీ విభాగంలో ఆస్కార్‌కు నామినేట్ అయింది. దీని కథతోనే 1951లో ‘టార్గెట్ అన్‌నోన్’ అనే సినిమా వచ్చింది.