పాత ఆట, పాత యంత్రము



పులి-మేక ఆటను మన సీమలో ఎఱుగనివారుండరు. హంపి శిథిలములలోని బండలమీద గీచిన ఆటగీతలు నేటికిని కనబడుచున్నవి. గీచిన చేతులు మట్టిలో గలిసినను, ఒక బాలుడు ఆ బండచెంత కూర్చుండి గుప్పెడు గులకరాళ్లేఱుకొన్నచో ఆట తత్క్షణమే మొదలగును. గీతలు రాతిమీద నున్నవి. నియమములు జనుల నోట నున్నవి. కావున ఆ యాటకు చావు లేదు. కాని ముప్పది, నలువది యేండ్ల క్రిందట పుట్టిన కంప్యూటరు ఆటలు పెక్కు ఇప్పుడే మూగవోయినవి. వానిని నేటి యంత్రములో నుంచినచో కదలవు. అందుచే కొందఱు ఔత్సాహికులు పాత యంత్రములను వెదకి తెచ్చి, బాగుచేసి, వానిమీదనే ఆ యాటల నాడించుచున్నారు. ఇది పిల్లచేష్టగా తోచవచ్చును. కాని దీని చరిత్రమును విన్నచో, మన దస్తావేజులకును మన అక్షరములకును దీనితో సంబంధము కలదని తెలియగలదు.

కంప్యూటరు లెక్కలకొఱకు పుట్టిన యంత్రము. అయినను అది పుట్టిన కొలదికాలమునకే మనుష్యుడు దానిని ఆటకు వినియోగించెను. అమెరికాలోని మాసచూసెట్స్ సాంకేతిక విద్యాలయమున 1962లో స్టీవ్ రసెల్ అను యువకుడును ఆయన మిత్రులును కలిసి, పి.డి.పి.-1 అను యంత్రముపై ‘స్పేస్‌వార్’ అను ఆటను రచించిరి. రెండు ఆకాశనౌకలు నడుమనున్న నక్షత్రముయొక్క ఆకర్షణను తప్పించుకొనుచు పరస్పరము పోరాడుట అందలి విషయము. ఆ యంత్రము వెల లక్ష డాలర్లకు పైబడినది. అట్టివి ప్రపంచమున సుమారు ఏబది మాత్రమే తయారైనవి. కావున ఆ యాట నాడ గలిగినవారు మిక్కిలి కొలదిమంది.

మన దేశమున ‘టిఫ్రాక్’ అను కంప్యూటరు బొంబాయిలోని టాటా పరిశోధనాలయమున 1960లో పనిచేయ నారంభించెను. హైదరాబాదున 1967లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ స్థాపింపబడెను. పశ్చిమగోదావరి జిల్లా మోగల్లులో జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారు దానికి సారథ్యము వహించిరి. ఆ సంస్థ 1969లో టి.డి.సి.-12 అను స్వదేశీ కంప్యూటరును వెలువరించెను. ఇవి యన్నియు ప్రయోగశాలల సొత్తు. ఇంటిలో నుంచుకొనదగినవి కావు.

ఇంటి యంత్రమునకు రూపమును స్థిరపఱచినది ఐ.బి.యం. సంస్థ. ఆ సంస్థ 1981 ఆగస్టులో ‘పర్సనల్ కంప్యూటర్’ను విడుదల చేసెను. దాని హృదయమువంటి ఇంటెల్ 8088 అను భాగము సెకనునకు 47 లక్షల పర్యాయములకు పైగా స్పందించెడిది. మైక్రోసాఫ్ట్ సంస్థవారి ‘డాస్’ దానిని నడపు వ్యవస్థ. ఇతర సంస్థలు దానికి సరిపోలు యంత్రములను చౌకగా చేయుటతో అవి లోకమంతటను వ్యాపించినవి. మన దేశమున 1984లో కంప్యూటరు విధానము సడలింపబడెను. 1984-85లో కేంద్ర ప్రభుత్వము ‘క్లాస్’ అను పథకముక్రింద కొన్ని పాఠశాలలకు బి.బి.సి. మైక్రో యంత్రముల నిచ్చెను. పిమ్మట డాస్ యంత్రములు పట్టణముల పాఠశాలలకును శిక్షణాలయములకును చేరినవి. అక్కడ పిల్లలు పాఠముకంటె ముందుగా నేర్చినది ఆటయే.

ఆ యాటలలో ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ పేరెన్నికగన్నది. జోర్డన్ మెక్నర్ అను అమెరికా యువకుడు దీనిని తొలుత ఆపిల్-2 అను యంత్రముకొఱకు రచించి 1989లో వెలువరించెను. మఱుసటి సంవత్సరము డాస్ యంత్రములకు వచ్చెను. కథ మన పేదరాశి పెద్దమ్మ కథలకు దూరమైనది కాదు. దుష్టుడైన మంత్రి రాకుమారిని బంధించి, ఒక గంట గడువిచ్చును. నాయకుడు చెఱసాలనుండి బయలుదేఱి, గోతులను దాటి, కత్తుల నెదిర్చి, అఱువది నిమిషములలో ఆమెను చేరవలెను. మెక్నర్ తన తమ్ముని పరుగెత్తించి, దుముకించి, ఆ చలనములను చిత్రించి, ఒక్కొక్క బొమ్మగా గీచి యంత్రమున నిలిపెను. యంత్రముయొక్క స్మృతిలో రెండవ వీరునకు చోటు చాలకపోగా, నాయకుని బొమ్మనే మార్చి వాని ‘నీడ’ను శత్రువుగా సృష్టించెను. పేదఱికమునుండి పుట్టిన ఆ యుపాయమే ఆ కథకు ప్రాణమైనది.

ఇట్టి యాట నేటి యంత్రమున నేల ఆడదు? కారణములు నాలుగైదు కలవు. మొదటిది, ఆట వ్రాయబడిన ఫ్లాపీ బిళ్లలను చదువు సాధనమే నేటి యంత్రములలో లేదు. రెండవది వేగము. నాటి ఆటలు కొన్ని యంత్రపు స్పందనములనే గడియారముగా నెంచుకొన్నవి. ఎద్దుబండి నడకను బట్టి గంట కొట్టుమని చెప్పి, ఆ గంటను రైలుబండికి గట్టినట్లగును. ఆట కన్నుమూసి తెఱచునంతలో ముగియును. ఈ చిక్కు 1980లలోనే తలయెత్తగా, యంత్రముల ముందు ‘టర్బో’ అను మీట నమర్చిరి. దానితో యంత్రమును మెల్లగా నడిపింపవచ్చును. మూడవది వ్యవస్థ. నాటి ఆటలు పదునాఱు బిట్ల యంత్రమునకు వ్రాయబడినవి. నేటి అఱువదినాలుగు బిట్ల విండోస్ వానిని అంగీకరింపదు.

నాల్గవది స్మృతి. డాస్ చేతిలో మొదటి 1024 కిలోబైట్లలో 640 మాత్రమే సాగుభూమి. తక్కిన 384 యంత్రపు అంగముల కేటాయింపు. ఆ 640లోనే వ్యవస్థయు, మౌసు నడపు పొత్తమును, ఆటయు ఇమిడిపోవలెను. కొంచెము తక్కువయైనను ఆట మొదలు కాదు. కావున కాన్ఫిగ్.సిస్, ఆటోఎగ్జెక్.బ్యాట్ అను రెండు చిన్న పత్రములలో ఏది యెక్కడ నిలువవలెనో పంక్తి పంక్తిగా వ్రాయవలెను. ఐదవది శబ్దము. సింగపూరునందలి క్రియేటివ్ సంస్థ 1989లో ‘సౌండ్ బ్లాస్టర్’ అను పలకను వెలువరించెను. దానికి ఒక చిరునామా, ఒక పిలుపు సంఖ్య, ఒక దారి సంఖ్య యుండును. ఆటలో చెప్పిన అంకెలును, పలకపై నమర్చిన అంకెలును సరిపోలినగాని పాట వినబడదు.

ఇక పాత యంత్రమును లేపువారి శ్రమ వినుడు. మన యిండ్లలోని వాల్వు రేడియోను ఏండ్లతరబడి అటకపై నుంచి, ఒకనాడు మీట నొక్కినచో కండెన్సరు పగులుట పెద్దలు కనియుందురు. కంప్యూటరునకును అదే గతి. తేదీని నిలుపుటకై లోపలి పలకమీద అతికింపబడిన చిన్న బ్యాటరీ కాలక్రమమున కారి, రాగి గీతలను తినివేయును. కావున అనుభవజ్ఞులు మొదట మీట నొక్కరు. పెట్టె విప్పి, ఆ బ్యాటరీని తొలగించి, మఱకను కడిగి, తెగిన గీతలను సన్నని తీగతో నతుకుదురు. పిదప విద్యుత్తు నిచ్చు పెట్టెను విడిగా పరీక్షించి, ఫ్లాపీ చదువు శిరస్సును మద్యసారముతో తుడిచి, అరిగిన కఠిన ఫలకమునకు బదులుగా కెమెరాలలో వాడు చిన్న స్మృతి పలకను తగిలింతురు. ఇంతయు ముగించి ఆట నారంభించినను వేఱొక ద్వారపాలకుడుండును. దొంగప్రతులను నివారించుటకై, మొదటి అంకము పిమ్మట అచ్చుపుస్తకములోని ఒక మాటను జూచి దాని మొదటి అక్షరమున్న పాత్రను నాయకుడు త్రాగవలెనని డాస్ ‘ప్రిన్స్’ అడుగును. పుస్తకము పోయినచో యంత్రము, బిళ్ల, విద్యుత్తు అన్నియు నుండియు ఆట ముందుకు సాగదు.

ఇక్కడ మన సీమ చరిత్రము జ్ఞప్తికి వచ్చును. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనమొకటి కలదు. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు త్రవ్వించిన చెరువును గూర్చినది. అది దానమును మాత్రమే చెప్పి ఊరకొనలేదు. మంచి చెరువునకు వలసిన పండ్రెండు అంగములను, తొలగింపవలసిన ఆఱు దోషములను గూడ చెప్పినది. అనగా వస్తువుతోపాటు దానిని నిర్మించు విధమును నిలిపినది. నల్లచెరువువంటి పేరుగల ఊరివారికి ఇందలి విలువ వేఱుగ చెప్పనక్కఱలేదు. కట్ట తెగినను విధము తెలిసియున్నచో మరల కట్టవచ్చును.

అట్లే పాత ఆటలకును రెండు మార్గములు కలవు. ఒకటి పాత యంత్రమునే నిలుపుట. కాలిఫోర్నియాలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియమువారు పి.డి.పి.-1 యంత్రమును బాగుచేసి, ‘స్పేస్‌వార్’ను దానిమీదనే మరల ఆడించి చూపిరి. రెండవది, పాత యంత్రపు నడవడిని నేటి యంత్రమునకు నేర్పుట. 2002లో వెలువడిన ‘డాస్‌బాక్స్’ అట్టి అనుకరణము. ఇంటర్నెట్ ఆర్కైవ్ సంస్థ 2015లో రెండువేలకు పైగా డాస్ ఆటలను అందఱు ఆడునట్లు చేసెను. మొదటిది తాళపత్రమును కాపాడుట. రెండవది దానికి ప్రతి వ్రాయుట. తాళపత్రమునకు ఆయువు కలదు. ప్రతికి ప్రతి వ్రాయుచున్నంతకాలము గ్రంథమునకు అంతము లేదు. అయినను ప్రతి సరిగానున్నదో లేదో తెలియుటకు మూలము కావలెను. కావున ఈ రెండు మార్గములు ఒకదానికొకటి శత్రువులు కావు.

మెకంజీదొర సేకరించిన గ్రామ కైఫీయతులు పురుగులపాలు కానుండగా బ్రౌనుదొర ప్రతులు వ్రాయించుటచేతనే గదా మన యూళ్ల వృత్తాంతములనేకము దక్కినవి! ఆటల విషయమునను అట్లే జరిగినది. ‘ప్రిన్స్’ మూలలిపి పోయినదని మెక్నర్ తలచియుండగా, 2012లో ఆయన తండ్రి యింట ఒక పెట్టెలో పాత బిళ్లలు దొరికినవి. అప్పటికి ఇరువది రెండేండ్లు దాటినవి. పాత ఆపిల్ యంత్రములను కాపాడుకొన్నవారు వచ్చి, ఆ యంత్రములతోనే వానిని చదివిరి. మూలలిపి లోకమునకు దక్కినది. పాత యంత్రములను ‘చెత్త’ యని అందఱును పాఱవైచియున్నచో ఆ బిళ్లలు దొరికియు దొరకనివే యగును.

ఇప్పుడు మనమాటకు వత్తము. 1980లలో కాన్పూరు ఐ.ఐ.టి.లో పుట్టి, పిమ్మట పూనాలోని సి-డాక్ సంస్థ పెంపొందించిన ‘జిస్ట్’ అను పలకను డాస్ యంత్రములో నమర్చినచో తెఱపై తెలుగు లిపి కనబడెడిది. తరువాత వచ్చిన అచ్చు ఫాంటులు ఒక్కొక్కటి ఒక్కొక్క సంకేతమును వాడినవి. ఆ సంకేతములలో టైపుచేసిన పుస్తకములు, పత్రికలు, కులవృత్తాంతములు నేటి యంత్రమున తెఱచినచో అర్థములేని గీతలు కనబడును. 1998 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ‘కార్డ్’ పథకముతో రిజిస్ట్రేషనులను కంప్యూటరునకు మార్చెను. మన పొలము హద్దులు నాటినుండి యంత్రపు స్మృతిలో నున్నవి. ఆట నిలుచుటకు ఏ శ్రద్ధ వలయునో, హద్దు నిలుచుటకును ఆ శ్రద్ధయే వలయును. ఆట పోయిన బాలుని వినోదము పోవును. దస్తావేజు పోయిన బిడ్డల నోటికూడు పోవును.

కావున పెద్దలకు నా మనవి యిది. ఇంటిలో పాత కంప్యూటరున్నచో, పాత ఇనుము వ్యాపారికి తూకమున కిచ్చుటకు ముందు అందేమున్నదో తెలిసినవారిచే చూపింపుడు. ఫ్లాపీలను ఎండకును, అయస్కాంతమునకును దూరముగా నుంచుడు. ముఖ్యమైనదానిని రెండుచోట్ల ప్రతిచేయించుడు. నేటి యూనికోడ్ లిపిలోనికి మార్పింపుడు. ఒక ప్రతిని కాగితముమీదను నిలుపుడు. యంత్రముతో వచ్చిన పుస్తకమును పాఱవేయకుడు. పాత యంత్రమును విప్పి బాగుచేయ గోరు కుఱ్ఱవాడు ఊరిలో నున్నచో వానిని మందలింపకుడు. నేడు వాడు ఆటకొఱకు నేర్చిన విద్య రేపు మీ దస్తావేజునకు పనికివచ్చును.