సర్పంచ్ ఆమే, మరి కుర్చీలో ఎవరు?

2025 డిసెంబరులో మూడు విడతలుగా పంచాయతీ ఎన్నికలు జరిగినప్పుడు మా కరీంనగర్ దిక్కు ఊళ్లల్లో గోడల మీద, సెల్‌ఫోన్లల్లో ఒకే తీరు పోస్టర్లు కనబడ్డాయి. పోటీ చేసేది ఆమె. పక్కన చేతులు జోడించి నిలబడ్డది ఆయన. కొన్నిట్లో ఆయన ఫొటోనే పెద్దది. రిజర్వేషన్ల జాబితా వచ్చిన రోజు చాలా ఇళ్లల్లో వినబడే మాట కూడా ఒకటే: "ఈసారి లేడీస్‌కు వచ్చింది, మనింట్ల ఎవర్ని నిలబెడదాం?" నిలబడుతవా అని ఆమెను అడగరు. నిలబెట్టేది ఇంటివాళ్లు.

ఇది చూసి చాలామంది ఆడవాళ్ల రిజర్వేషనే దండగ అంటారు. నాకు అట్లా అనిపించదు. మన కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల ఆడవాళ్లు రాజకీయంలోకి ఎట్లా వచ్చారో డెబ్బయి ఏళ్ల కథ ఒక్కసారి వెనక్కి తిప్పి చూస్తే, పోస్టరు మీద ఆ రెండో ఫొటో ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమవుతుంది.

మన దగ్గర సామాన్య ఆడమనిషి చేతికి ఓటు వచ్చింది 1952లో. అంతకు ముందు నిజాం రాజ్యం. 1948 సెప్టెంబరులో హైదరాబాద్ రాష్ట్రం ఇండియాలో కలిసింది. మూడున్నరేళ్లకు మొదటి సాధారణ ఎన్నికలు. చదువు, ఆస్తి, కులం, ఆడ, మగ అన్న లెక్క లేకుండా 21 ఏళ్లు నిండిన అందరికీ ఓటు. న్యూజిలాండ్ ఆడవాళ్లు 1893లోనే ఓటు వేశారు, దేశం మొత్తంలో ఆడవాళ్లకు ఓటిచ్చిన మొదటి దేశం అదే. కానీ అక్కడ వాళ్లు పోటీ చేసే హక్కు కోసం 1919 దాకా ఆగాలి, మొదటి మహిళా సభ్యురాలు పార్లమెంటులో అడుగు పెట్టేసరికి 1933. ఓటుకూ సీటుకూ నడుమ నలభై ఏళ్లు. మనకు ఆ రెండూ ఒక్కరోజే వచ్చాయి.

అయితే ఆ ఎన్నికల ఓటర్ల జాబితా రాసేటప్పుడు ఒక చిక్కు వచ్చింది. ముఖ్యంగా ఉత్తరాది రాష్ట్రాల్లో ఆడవాళ్లు తమ పేరు చెప్పలేదు. ఫలానా వారి భార్య, ఫలానా వారి తల్లి అని రాయించారు. సొంత పేరు లేనిదే చేర్చుకోవద్దని ఎన్నికల సంఘం పట్టుబట్టింది. దాదాపు 28 లక్షల మంది పేర్లు జాబితా నుంచి పోయాయి. కఠినమే, కానీ ఆ మొండితనం వల్లనే తర్వాతి ఎన్నికల్లో ఆడవాళ్లు తమ పేరు తాము చెప్పుకోవడం మొదలుపెట్టారు. పేరు చెప్పడం అంత పెద్ద రాజకీయమా అంటే, అవును. మా అమ్మమ్మల తరంలో ఎంతమందికి ఊళ్లో వాళ్ల పేరు తెలుసు? పెద్దోళ్ల కోడలు, పటేలమ్మ, ఫలానా ఊరామె. అంతే.

ఆ మొదటి ఎన్నికల్లోనే మన సిరిసిల్ల ఒక ఆడమనిషిని శాసనసభకు పంపింది. పేరు జె.ఎం. రాజమణి దేవి. అప్పుడు సిరిసిల్ల ఇద్దరు సభ్యుల నియోజకవర్గం. ఒక స్థానం నుంచి పీడీఎఫ్ తరఫున జోగినపల్లి ఆనందరావు, రిజర్వుడు స్థానం నుంచి షెడ్యూల్డ్ క్యాస్ట్స్ ఫెడరేషన్ తరఫున రాజమణి దేవి గెలిచారు. ఫెడరేషన్ అంటే అంబేద్కర్ పెట్టిన పార్టీ. ఆలోచించండి: 1952, సిరిసిల్ల, ఒక దళిత మహిళ, అదీ అధికార పార్టీ టికెట్టు మీద కాదు. అదే సభలో ఆలేరు నుంచి ఆరుట్ల కమలాదేవి, బాన్సువాడ నుంచి సంగం లక్ష్మీబాయి, హైదరాబాద్ శాలిబండ నుంచి మాసుమా బేగం కూర్చున్నారు. కమలాదేవి సాయుధ పోరాటం నుంచి వచ్చారు. మాసుమా బేగం తర్వాత మంత్రి అయ్యారు. కమలాదేవి పేరు తెలిసినవాళ్లు చాలామంది ఉన్నారు. రాజమణి దేవి పేరు మాత్రం మన జిల్లాలోనే ఎందరికి తెలుసు? బీడీలు చుట్టే, మగ్గాల దగ్గర కండెలు చుట్టే ఆడవాళ్ల ఊరు సిరిసిల్ల. ఇన్ని దశాబ్దాలుగా ఆ ఊరి నుంచి శాసనసభకు పోతున్నది మగవాళ్లే.

ఇట్లాంటిదే జపాన్‌లో జరిగింది. 1946 ఏప్రిల్లో అక్కడి ఆడవాళ్లు మొదటిసారి ఓటేశారు, ఒక్కసారే 39 మంది ఆడవాళ్లు గెలిచారు. ఆ తర్వాత దిగువ సభలో ఆ 39 దాటడానికి 2005 దాకా పట్టింది. మొదటిసారి తలుపు తెరుచుకున్నప్పుడు కొత్తగాలి వస్తుంది. తర్వాత పార్టీలు కుదురుకుంటాయి, టికెట్లు ఎవరివ్వాలో తెలిసిపోతుంది, పైసల లెక్క మొదలవుతుంది. అప్పుడు ఆడవాళ్లు మెల్లగా పక్కకు జరుగుతారు. ఎవరూ బయటికి నెట్టరు. పిలవరు, అంతే.

మన పక్కనే ఎల్లారెడ్డిలో మాత్రం 1967లో, 1972లో జె. ఈశ్వరీబాయి గెలిచారు. ఆమెది రిపబ్లికన్ పార్టీ, అంటే రాజమణి దేవి పార్టీ తర్వాత రూపమే. ఆమె అసెంబ్లీలో లేస్తే మంత్రులు జాగ్రత్తపడేవారని పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్తారు. తెలంగాణ ఉద్యమం మొదటి విడతలో కూడా ముందు నిలబడ్డారు.

లోక్‌సభ లెక్క తీస్తే ఇంకా తక్కువ. కరీంనగర్ నుంచి, ఆదిలాబాద్ నుంచి ఇప్పటిదాకా ఒక్క ఆడమనిషి కూడా ఎంపీగా గెలవలేదు. పెద్దపల్లి ఒక్కటే 1998లో, మళ్లీ 1999లో డాక్టర్ చెలిమెల సుగుణకుమారిని పంపింది. 2024లో ఆదిలాబాద్ నుంచి ఆత్రం సుగుణ టీచరు ఉద్యోగం వదులుకుని పోటీ చేశారు, గెలవలేదు.

శాసనసభ విషయంలో నాకు ఆశ్చర్యం కలిగించేది ఆసిఫాబాద్. అడవి జిల్లా, వెనుకబడింది అని మనం అనుకునే చోటు. అక్కడ 1999లో పాటి సుభద్ర, 2004లో అమరాజుల శ్రీదేవి, 2014లో కోవ లక్ష్మి గెలిచారు. 2018లో కోవ లక్ష్మి 171 ఓట్ల తేడాతో ఓడిపోయారు. ఇంట్లో కూర్చోలేదు. 2019లో జడ్పీ చైర్‌పర్సన్ అయ్యారు, 2023లో మళ్లీ ఎమ్మెల్యేగా గెలిచారు. ఖానాపూర్ నుంచి 2009లో సుమన్ రాథోడ్, 2014లో, 2018లో రేఖా నాయక్. కరీంనగర్ వైపు 2014లో చొప్పదండి నుంచి బొడిగె శోభ. ఒక్క సంగతి గమనించారా? ఈ సీట్లన్నీ ఎస్సీలకో ఎస్టీలకో రిజర్వు అయినవి. జనరల్ సీటు అనగానే అది మగవాళ్లదే అని పార్టీలు రాసిపెట్టుకున్నట్టు ఉంటుంది.

జనరల్ సీటు నుంచి గెలిచినామె కథ వేరుగా ఉంటుంది. 1999లో సిర్పూర్‌లో పాల్వాయి పురుషోత్తమరావును నక్సలైట్లు చంపేశారు. ఆయన స్థానంలో భార్య రాజ్యలక్ష్మి నిలబడి గెలిచారు. ఇట్లా దుఃఖంలోంచి రాజకీయంలోకి వచ్చినవాళ్లు ఆసియా అంతటా ఉన్నారు. ప్రపంచంలో మొదటి మహిళా ప్రధాని శ్రీలంక సిరిమావో బండారనాయకే. 1959లో భర్త హత్య జరిగింది, 1960లో ఆమె ప్రధాని అయ్యారు. ఫిలిప్పీన్స్‌లో కొరజాన్ అకీనో భర్తను 1983లో చంపారు, 1986లో ఆమె దేశాధ్యక్షురాలు. బంగ్లాదేశ్ ఖలీదా జియా భర్త 1981లో హతుడయ్యాడు, 1991లో ఆమె ప్రధాని. ఇంత పెద్ద పదవులు ఆసియా ఆడవాళ్లకు దొరికాయని గర్వపడొచ్చు. కానీ ఆయన ఉన్నన్నాళ్లు ఆమె తెలివి ఎవరికీ కనబడకపోవడం గురించి కూడా ఆలోచించాలి. ఇల్లు ఆమెకు దారి ఇచ్చింది నిజమే, ఆయన పోయినంక ఇచ్చింది.

ఈ తీరును మార్చింది పంచాయతీరాజ్ సవరణ. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. ఆడవాళ్లకు మూడో వంతు స్థానాలు. మన రాష్ట్రంలో 1994 చట్టం, 1995లో ఎన్నికలు. తర్వాత దాన్ని సగం చేశారు, తెలంగాణ 2018 చట్టంలోనూ సగమే. ఎవరి భర్తా చనిపోకుండానే, ఎవరి నాయనా మంత్రి కాకుండానే, వేల మంది ఆడవాళ్లు ఒక్కసారి వార్డు మెంబర్లు, సర్పంచులు, ఎంపీటీసీలు అయ్యారు. 2019లో మన పాత రెండు జిల్లాలు ఎనిమిది అయినంక జరిగిన ఎన్నికల్లో కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, మంచిర్యాల, నిర్మల్, ఆసిఫాబాద్, ఈ ఆరు జడ్పీల్లో చైర్‌పర్సన్లు ఆడవాళ్లే. అదే సమయంలో ఆ ఎనిమిది జిల్లాల్లో మహిళా ఎమ్మెల్యే ఒక్కరే, రేఖా నాయక్. చట్టం చెప్పిన చోట ఆరుగురు, చెప్పని చోట ఒక్కరు. రిజర్వేషన్ దండగ అనేవాళ్లకు నా జవాబు ఈ లెక్కే.

చట్టం లేనిచోట టికెట్టు ఎంత గట్టిదో తుల ఉమను అడిగితే తెలుస్తుంది. ఉద్యమాల్లో తిరిగి, 2014 నుంచి 2019 దాకా కరీంనగర్ జడ్పీ చైర్‌పర్సన్‌గా చేసినామె. 2023లో వేములవాడకు ఆమె పేరును పార్టీ ప్రకటించింది. నామినేషన్ల ఆఖరు గడియలో బీ-ఫారం ఇంకొకరి చేతికి పోయింది. 2023 సెప్టెంబరులో పార్లమెంటు ఆమోదించిన మహిళా బిల్లు అసెంబ్లీలో, లోక్‌సభలో మూడో వంతు ఇస్తానంటుంది. కానీ జనగణన, నియోజకవర్గాల పునర్విభజన అయినంకనే అని చట్టంలోనే రాశారు. ఈలోపు 2023లో మన అసెంబ్లీకి 119లో గెలిచింది పది మంది.

ఇక కుర్చీ సంగతి. కుర్చీ వచ్చినంత మాత్రాన అధికారం రాదు. నేపాల్‌లో మేయర్, ఉపమేయర్ రెండింటికీ అభ్యర్థుల్ని పెట్టే పార్టీ అందులో ఒకరిని మహిళగా పెట్టాలన్నారు. 2017లో పార్టీలన్నీ మేయరు మగవాళ్లకు, ఉపమేయరు ఆడవాళ్లకు పంచేసుకున్నాయి. ఉపమేయర్లలో దాదాపు అందరూ ఆడవాళ్లే, మేయర్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. మన దగ్గర పని ఇంకో తీరుగా నడుస్తుంది. పదవి ఆమెదే, సమావేశానికి ఆయన పోతాడు. తీర్మానాల పుస్తకం ఇంటికి వస్తుంది, పొయ్యి ముందు కూర్చున్నామె చేయి తుడుచుకుని సంతకం పెడుతుంది. అధికారులు ఫోను చేసేది కూడా ఆయనకే. పైగా మన చట్టంలో చెక్కు మీద సర్పంచ్ ఒక్కరే సంతకం చేస్తే చాలదు, ఉపసర్పంచ్ సంతకం కూడా కావాలి. లెక్క తెలిసిన సర్పంచ్‌కు అది పెద్ద ఇబ్బంది కాకపోవచ్చు. లెక్క చూడనివ్వని ఇంటి నుంచి వచ్చినామె ఇద్దరి నడుమ ఇరుక్కుంటుంది.

దీన్ని దాటినవాళ్లు కూడా ఉన్నారు. ఎట్లా దాటారో చూస్తే చాలామంది వెనక సంఘాలు ఉంటాయి. డ్వాక్రా పథకం 1982లో మొదలైనప్పుడు అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో ముందు తీసుకున్న మూడు జిల్లాల్లో మన ఆదిలాబాద్ ఒకటి. వారం వారం కూర్చోవడం, పైసలు లెక్కపెట్టడం, తీర్మానం రాసుకోవడం, బ్యాంకు మేనేజరు ముందు కుర్చీలో కూర్చుని మాట్లాడటం. పంచాయతీలో కావల్సిన పనులన్నీ ఇవే కదా. బీఏలో వ్యాకరణం చదివేటప్పుడు ఒక ముచ్చట నన్ను గుచ్చింది. మన తెలుగులో మగవాడు "వచ్చాడు". ఆడది ఒక్కతే అయితే "వచ్చింది", ఆవు వచ్చినా అదే మాట. అదే ఆడవాళ్లు నలుగురైతే "వచ్చారు", మగవాళ్లతో సమానం. వ్యాకరణం రాసినవాళ్లు రాజకీయం అనుకుని రాయలేదు గానీ, ఊళ్లల్లో జరిగేది కూడా ఇదే. ఒక్కతే పంచాయతీకి పోతే ఎవరూ కుర్చీ వెయ్యరు. సంఘం పదిమంది వెంట ఉంటే కార్యదర్శి లేచి నిలబడతాడు.

ఇక మన ఇళ్ల దగ్గరికి వస్తాను. ఇది గృహిణులు చదివే బ్లాగు కాబట్టి చెప్పాలనిపిస్తున్నది. ఆడమనిషి రాజకీయంలో నిలదొక్కుకోవడం చట్టసభలో మొదలై వంటింట్లో తేలుతుంది. గ్రామసభ పొద్దున పది గంటలకు ఉంటే, పిల్లల డబ్బాలు ఎవరు కడతారు? మండల మీటింగు సాయంత్రం దాకా సాగితే అత్తమ్మ మందులు ఎవరిస్తారు? ఆయన ఆమె బదులు మీటింగుకు పోవడానికి సిద్ధంగా ఉంటాడు. ఆమె బదులు కూర తరిగితే ఇంకా మేలు. భర్త తోడు వద్దని నేననను. బండి మీద దింపి రావచ్చు, కాగితం చదివి అర్థం చెప్పవచ్చు. లోపలికి పోయి కూర్చోవడం మాత్రం ఆమె పని.

మీ ఇంట్లో, మీ వాడలో ఎవరైనా గెలిచి ఉంటే మూడు సంగతులు చూడండి. పంచాయతీ బోర్డు మీద రాసిన ఫోను నంబరు ఎవరిది? చెక్కు పుస్తకం ఎవరి బీరువాలో ఉంది? పోయిన గ్రామసభలో మాట్లాడింది ఎవరు? మూడింటికీ ఆయన పేరే జవాబైతే, మీరు నలుగురు కలిసి వచ్చే గ్రామసభకు ఆమె వెంట పోండి. వెనక కూర్చోండి చాలు. మాట్లాడటం ఆమే నేర్చుకుంటుంది.